పైసల బడి టీచరమ్మ కొడుకు

పాలు తెమ్మని పంపిన కొడుకు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పొయ్యి మీద చాయ్‌పత్తి నీళ్ళు మరిగి మరిగి నల్లబడుతోంది. వనజ వంటింట్లోంచి తొంగి చూసింది.

“పాలేవిరా?”

“ఫోన్ల పైసలు పోతలేవమ్మా. మళ్ళ పోత.”

“పైసలు లేవా, పోతలేవా?”

 అరుణ్ ఫోన్ జేబులో పెట్టుకుని, చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడ్డాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఈ ఏడాదిలోనే తల్లిని మించి పొడవయ్యాడు. రెండు వారాలుగా వాడి తిండి సరిగ్గా లేదు, నిద్ర సరిగ్గా లేదు. పరీక్షల దిగులేమో అనుకుంది వనజ.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. వనజ, అరుణ్, వనజ అత్త భూమవ్వ. భర్త కుమార్ మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. వనజ హుజూరాబాద్ ఊరుమ్మడి పొదుపు సంఘంలో గుమాస్తా. నేతపని వాళ్ళు, రైతులు, చిన్న దుకాణాల వాళ్ళు నెలనెలా దాచుకుని, అవసరానికి అందులోంచే అప్పు తీసుకునే సంఘం అది. మిగిలిన లాభంలో కొంత పక్కన పెట్టి సంఘం ఒక ట్రస్టు నడుపుతోంది. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు ఆదివారం ఆదివారం మేడ మీది హాల్లో డబ్బు గురించి పాఠాలు చెప్పడం ఆ ట్రస్టు పని. దానికి కాగితాల మీద పొడుగాటి పేరుంది. పిల్లలు మాత్రం పైసల బడి అంటారు.

ఆ బడిలో అందరికీ ఇష్టమైన టీచరు వనజే. ఆమె పాఠం చదివించదు, ఆడిస్తుంది. తనే మోసగాడి వేషం వేసి పిల్లలను తియ్యగా బుజ్జగిస్తుంది. వాళ్ళు నవ్వుతూ, తడబడుతూ, చివరికి గట్టిగా ‘వద్దు’ అనాలి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా సైకిళ్ళ మీద వచ్చే పిల్లలున్నారు. అరుణ్ మాత్రం ఒక్కసారి వచ్చి మానేశాడు. “దోస్తులు టీచరమ్మ కొడుకని ఎక్కిరిస్తుండ్రు” అన్నాడు. వనజ బలవంతం చేయలేదు.

“ఫోన్ ఇటియ్యి” అందామె.

అరుణ్ ఇవ్వలేదు. ఆమే చేయి చాపి జేబులోంచి తీసుకుంది. బ్యాంకు పంపిన సందేశం మూడు రోజుల కిందటిది. పోలీసుల ఉత్తర్వు మేరకు ఖాతా నిలిపివేశామని ఉంది. ఆ మాటకు అర్థం ఏమిటో హుజూరాబాద్‌లో వనజకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. 

“ఈ ఖాతా ఎవలకన్న ఇచ్చినవా?”

“లే.”

“నా దిక్కు చూసి చెప్పు అరుణ్.”

అప్పుడే ఆ ఫోన్ మోగింది. తెలియని నంబరు. వనజ ఎత్తింది. అవతల ఆడగొంతు. భైంసా ఠాణా ఎస్సై మమతారాణి అని చెప్పి, మర్యాదగానే మాట్లాడింది. ఒక మోసం కేసులో బాధితురాలి డబ్బు ఈ ఖాతాలోకి వచ్చి, అక్కడి నుంచి వేరే చోటికి పోయిందట. సోమవారం పిల్లవాణ్ణి తీసుకుని తల్లో తండ్రో రావాలట.

“వస్తం మేడం” అని ఫోన్ పెట్టేసి వనజ కొడుకు వైపు తిరిగింది. చాయ్ గిన్నె మాడి వాసన వస్తోంది. ఎవరూ పొయ్యి ఆర్పలేదు.

ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు. గోడకు ఆనుకుని, నేల చూస్తూ అరుణ్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే ఒకాయన అడిగాడు. పెద్ద వ్యాపారం, తన ఒక్క ఖాతా సరిపోవడం లేదు, వారం రోజులు నీ కార్డూ సిమ్మూ ఇవ్వు చాలు అన్నాడు. మూడు వేలు ఇచ్చాడు. వారం తర్వాత కార్డూ సిమ్మూ తిరిగి ఇచ్చాడు. ఇప్పుడు దుకాణానికి తాళం, ఫోన్ కలవడం లేదు.

వనజ చెయ్యి లేచింది. చెంప మీద పడ్డ దెబ్బకు అరుణ్ కదల్లేదు. వాడు ఎదిగాక ఆమె కొట్టడం అదే మొదలు.

చప్పుడుకు భూమవ్వ మోకాళ్ళు పట్టుకుంటూ దొడ్లోంచి వచ్చింది.

“ఎందుకు కొడుతున్నవ్ పోరన్ని? ఏం జేసిండు?”

“ఏం జేసిండో ఆన్నే అడుగు అత్తమ్మా.”

మధ్యాహ్నానికి కుమార్ అన్న బాలమల్లు వచ్చాడు. భూమవ్వే పిలిపించింది. సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం ఆయనది. నలుగురిలో మాట చెల్లేవాడు. కుర్చీలో కూర్చుని అంతా విని, మీసం దువ్వుకున్నాడు.

“గింత పరేషాన్ దేనికి? కార్డు యాడనో పడిపోయింది, మాకెరుక లేదు అంటె అయిపాయె. నాకెరుకైన లీడరున్నడు. ఆయనతోని ఓ ఫోన్ కొట్టిస్త.”

“కార్డు పోలేదు కద బావా. ఇచ్చిండు” అంది వనజ.

“ఇచ్చిండని నువ్వంటెనే గద ఎరుకయ్యేది!”

కుమార్ ఫోన్లో ఉన్నాడు. స్పీకర్‌లోంచి వెనకాల యంత్రాల రొద కూడా వినిపిస్తోంది. “వనజా, అన్న చెప్పినట్టు జెయ్యి. ఠాణాల పేరెక్కితె రేపు పాస్‌పోర్టు రాదు, నౌకరీ రాదు. పోరని జిందగీ ఖరాబైతది.”

“అబద్ధం చెప్పి దొరికితె బాగుపడతదా?”

“ఒక్క మాట అటిటు జేస్తె ఏం బోతది బిడ్డా!” భూమవ్వ కళ్ళొత్తుకుంది. “ఒక్కడే పోరడు. నీకు నీ సంఘం పరువే ఎక్కువాయె.”

ఆ మాట వనజకు సూటిగా తగిలింది. నిజమేనేమో. పొద్దున్నుంచి తన మనసులో తిరుగుతున్నది కొడుకు భయమా, పైసల బడి పిల్లలు రేపు తనను చూసే చూపా? ఆమె లేచి వాకిట్లోకి వెళ్ళింది, మళ్ళీ లోపలికి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఎక్కడా కాలు నిలవలేదు. ఎండలో ఆరిన బట్టలు తీసి మడతపెట్టి, మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టింది. లోపల బాలమల్లు ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఏ రోజు కార్డు పోయిందని చెప్పాలి, ఎక్కడ పోయిందని చెప్పాలి.

“మీరందరు నా ముచ్చటనే మాట్లాడుతుండ్రు. నన్నొక్కలు అడుగుతలేరు.”

అరుణ్ గొంతు అది. అందరూ తలలు తిప్పారు. వనజ గుమ్మంలో ఆగిపోయింది.

“ఏమడగాల్నురా నిన్ను?” అంది. “ఊరందరి పిల్లలకు చెప్పిన. ఖాతా ఇయ్యొద్దు, కార్డు ఇయ్యొద్దని గొంతు పోయేదాక చెప్పిన. నా కడుపున పుట్టి నువ్విట్ల జేస్తివి. ఎందుకు జేసినవో చెప్పు.”

“ఊరందరికి చెప్తవ్. ఇంట్ల ఎన్నడన్న చెప్పినవా?” వాడు తల్లికి ఎదురుగా వచ్చాడు. “నేను పైసల మాట ఎత్తితె ‘నీకెందుకు, చదువుకో’ అంటవ్. బాపుకు జీతం వస్తలేదని నాకెవలు జెప్పిండ్రు? నువ్వు బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తుంటె నాకినబడ్డది. బయటికొచ్చి నవ్వుకుంట అన్నం పెడుతవ్. నాకేమనిపిస్తది?”

ఫోన్‌లో యంత్రాల రొద తప్ప ఏమీ వినిపించలేదు. 

“బాపమ్మ గోలీలు బందు పెట్టింది. మోకాళ్ళు నొస్తలేవని అబద్ధం చెప్తది. ఆ మూడు వేలతోని గోలీలు తెచ్చిన. స్కాలర్‌షిప్ వచ్చిందని చెప్పిన.”

భూమవ్వ చేయి మోకాలి మీదే ఆగిపోయింది. మనవడి వైపు చూసింది, చూపు తిప్పుకుంది. ఆ తర్వాత ఆమె ఎవరి పక్షానా మాట్లాడలేదు.

బాలమల్లు గొంతు సవరించుకున్నాడు. “అయితేంది? సోమవారం ఏం జెప్పాల్నో అది తేల్చుండ్రి.”

“అబద్ధం చెప్పం బావా” అంది వనజ.

“పోరడు జైలుకు పోతె?”

“నేను ఆనెంట ఉంట.”

బాలమల్లు విసురుగా లేచి వెళ్ళిపోయాడు. ఫోన్లో కుమార్ “నీ ఇష్టం. రేపేమన్నయితె నన్నడుగకు” అని పెట్టేశాడు.

ఆదివారం వనజ పైసల బడికి పోలేదు. పొద్దున్నే వంటింటి డబ్బాలన్నీ దింపి కడిగింది. అవి ఆరకముందే ఎక్కించింది. తొమ్మిది దాటాక పిల్లలు మేడ మీదికి చేరి ఉంటారు. ఆ ఆలోచన రాగానే బూజుకర్ర పట్టుకుంది. అరుణ్ తన గదిలో పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు కానీ పేజీ తిరగలేదు. తల్లీకొడుకులు ఒకరికొకరు ఎదురుపడకుండా ఇంట్లో తిరిగారు.

పదకొండు గంటలకు సంఘం కార్యదర్శి బుచ్చిరాములు వచ్చాడు. అరవై దాటిన మనిషి. పైసల బడి ఆలోచన ఆయనదే. గుమ్మంలోనే నిలబడి, “పిల్లలు నీకోసం చూసి చూసి పోయిండ్రమ్మా” అన్నాడు.

వనజ దాచలేదు. అంతా చెప్పింది. చెప్పి, “నేనిగ పాఠం చెప్పలేను సార్. ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?” అంది.

ఆయన మంచినీళ్ళడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

“సంఘం ఎందుకు పెట్టుకున్నమమ్మా? ఎవ్వలూ ఒంటరిగ ఆగం కావద్దని. నువ్వు తలుపేసుకొని కూసుంటె మరి సంఘమెందుకు? పాఠం సంగతి తర్వాత. మన వకీలును అడుగుతనాగు.”

అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. పద్దెనిమిది నిండని పిల్లవాడు కాబట్టి చట్టం వేరుగా చూస్తుందని, కార్డు ఎవరికి ఇచ్చాడో దాచకుండా చెబితేనే దారి ఉంటుందని, అబద్ధం చెబితే ఆ మోసంలో వీడికీ పాలుందనుకుంటారని వకీలు చెప్పాడు. తానూ రేపు ఫోన్లో అందుబాటులో ఉంటానన్నాడు. వనజ తలూపింది. ధైర్యం వచ్చిందని కాదు. పక్కన ఒక మనిషి నిలబడ్డాడని.

సోమవారం చీకటి విడిచేసరికి తల్లీకొడుకులు బయల్దేరారు. భూమవ్వ అప్పటికే లేచి పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టింది. మనవడి చేతికి ఇస్తూ, వాడి చెంప తడిమింది. తల్లి కొట్టిన చోట.

“ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా” అంది. “నా మాట ఇనకు. భయానికి ఏదో అన్న.”

కరీంనగర్‌లో బస్సు మారారు. నిర్మల్‌లో మళ్ళీ మారారు. దారి పొడుగునా అరుణ్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. పత్తి బస్తాలతో నిండిన లారీలు ఎదురవుతున్నాయి. వనజ రెండుమూడు సార్లు నోరు తెరిచింది. అన్నేళ్ళుగా దాచిన మాటలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక మూసుకుంది. భైంసా దగ్గరపడుతుండగా అరుణ్ చేయి ఆమె కొంగు అంచును పట్టుకుంది. చిన్నప్పుడు సంతలో పట్టుకున్నట్టు. ఆమె చూడనట్టే ఉండిపోయింది, చూస్తే వదిలేస్తాడేమోనని.

ఠాణాలో ఎస్సై మమతారాణి వాళ్ళను కూర్చోబెట్టింది. పిల్లవాడు బెదరకూడదని యూనిఫాం వేసుకోలేదు. తల్లి పక్కనుండగానే అడిగింది. అరుణ్ చెప్పాడు. దుకాణం ఎక్కడ, ఆయన ఎలా ఉంటాడు, ఏమన్నాడు, కార్డు ఏ రోజు ఇచ్చాడు, తనకు ఎంత ఇచ్చాడు. మధ్యలో ఎక్కడా ఆపలేదు. కార్డు పోయిందన్న మాట వాడి నోట రాలేదు.

“ఇది ఇక్కడితో అయిపోదు” అంది ఎస్సై. “పిల్లల కేసులు చూసే బోర్డు ముందుకు పోవాల్సి రావచ్చు. పిలిచినప్పుడల్లా రావాలె. కానీ నువ్వు చెప్పినదాంతో మాకు దారి దొరికింది. నీ ఖాతాలో ఆగిపోయిన డబ్బు కోర్టు ద్వారా ఆమెకు తిరిగిపోతది. మిగిలింది ఆ దుకాణమాయన దొరికితె చూడాలె.”

“ఆమె ఎవలు మేడం?” అన్నాడు అరుణ్.

ఎస్సై కళ్ళతోనే వరండా వైపు చూపించింది. బల్ల మీద ఒక నడివయసు మనిషి కూర్చుని ఉంది. పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో కూలి చేసే శంకరవ్వ. జుట్టులో ఇంకా పత్తి నూగు అంటుకుని ఉంది. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. నెల కిందట ఎవరో ఫోన్ చేసి, “నీ కొడుకును పోలీసులు పట్టుకున్నరు, పైసలు పంపకపోతె జైల్ల పెడతరు” అని బెదిరించారు. వెనకాల ఎవరో ఏడుస్తున్న గొంతు కూడా వినిపించారట. ఆమె పక్కింటి వాళ్ళ చేత ఉన్నదంతా పంపించింది.

అరుణ్ లేచాడు. వనజ ఆపబోయి మానుకుంది. వాడు వరండాలోకి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు.

“అవ్వా, మీ పైసలు వచ్చింది నా ఖాతాలకే. నేనే ఇచ్చిన ఖాతా. గిట్ల జేస్తరని నాకెరుక లేదు. అయినా తప్పు నాదే.”

శంకరవ్వ వాణ్ణి కింది నుంచి మీదికి చూసింది. తిడుతుందేమోనని వనజ కూడా వరండాలోకి వచ్చింది.

“గింత పోరనివా?” అంది ఆమె. “నేనింకెవడో మీసాలోడనుకున్న. మీ బాపు లేడా?”

“మస్కట్‌ల ఉన్నడు.”

 శంకరవ్వ వనజ వైపు తిరిగింది.

“పైసలు పోతె పోయినయి చెల్లె. కష్టం జేసుకుంట. అప్పటి సంది ఫోన్ మోగితెనే పానం పోతున్నది. నా కొడుకు జేస్తున్నడో, ఆ దొంగలే జేస్తున్నరో సమజైతలేదు. ఎత్తుతలేను. ఆని గొంతు ఇనక నెల అయితున్నది. ఇట్ల పైసలు పోయినయని సుత ఆనికి చెప్పలే. దేశం గాని దేశంల ఫికర్ పడతడని.”

ఆమె సంచీలోంచి ఫోన్ తీసి చూపించింది. ఎత్తని కాల్స్ తెర నిండా వరసగా ఉన్నాయి. అరుణ్ బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

“అవ్వా, నీ కొడుకు నంబరు చెప్పు. వచ్చిన ఫోన్ ఎత్తకు. మనమే జేద్దాం. ఎవలేం జెప్పినా పెట్టేసి, నువ్వే నీ కొడుకుకు జెయ్యాలె. ఆయన గొంతు ఇనంగనే ఎరుకైతది గద?”

“నాకు నంబర్లు సదువరావు బిడ్డా.”

“ఫోటో పెడత. ఫోటో మీద ఒత్తితె సాలు.”

కొడుకు పేరు అడిగి, ఆమె ఫోన్లో ఆ పేరుతో ఉన్న నంబరు వెతికి, దానికి ఫోటో జత చేశాడు. ఎలా నొక్కాలో చూపించాడు. ఆమె వేలు తెర మీద తప్పు చోట పడింది. మళ్ళీ చూపించాడు. తను నొక్కలేదు, ఆమె చేతే నొక్కించాడు. అటు మోగింది. ఆగింది.

“అవ్వా! అవ్వా! యాడ వోయినవే? ఏమైందే నీకు?”

ఆ కొడుకు గొంతు వరండా అంతా వినిపించింది. శంకరవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. “మంచిగనే ఉన్న కొడుకా, మంచిగనే ఉన్న” అంటూనే, ఆగి, “లేదు బిడ్డా, మంచిగ లేను. ఒక ముచ్చట చెప్పాలె నీకు” అంది.

వనజ ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆపుకోలేకపోయింది. ఎన్నో ఏళ్ళుగా ‘అంతా మంచిగనే ఉంది’ అని ఆమె మస్కట్‌కు చెప్పింది. ‘అంతా మంచిగనే ఉంది’ అని అతను హుజూరాబాద్‌కు చెప్పాడు. మధ్యలో పిల్లవాడు ఎవరినీ ఏమీ అడగలేక, దారిన పోయేవాడు చూపిన దారి పట్టాడు. పైసల బడిలో అంతమంది పిల్లలకు అడగడం నేర్పింది. తన ఇంట్లో అడిగేందుకు చోటే పెట్టలేదు.

బస్టాండుకు వచ్చి పెరుగన్నం డబ్బా విప్పారు. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తిన్నారు. వనజ చెప్పడం మొదలుపెట్టింది. తన జీతం ఎంతో, ఇంటికి ఎంత పోతుందో, తండ్రి మస్కట్‌కు వెళ్ళేటప్పుడు చేసిన అప్పులో ఇంకా ఎంత మిగిలిందో. అరుణ్ తినడం ఆపి విన్నాడు. మధ్యలో “మరి గ్యాసుకు?” అని అడిగాడు. ఆమె చెప్పింది. “నా బస్ పాసుకు?” అన్నాడు. అదీ చెప్పింది.

“నీ ఫోన్ జర ఇయ్యమ్మా” అన్నాడు చివరికి. “బాపుకు నేనే చేస్త.”

కుమార్ వెంటనే ఎత్తాడు. పొద్దున్నుంచి ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నట్టు.

“ఏమైంది వనజా?”

“నేను బాపూ. ఉన్నదున్నట్టు చెప్పిన.”

అటు నుంచి యంత్రాల రొదే వినిపించింది. కోపమో భయమో తెలియడం లేదు. అరుణ్ తల్లికీ వినిపించేలా స్పీకర్ నొక్కాడు.

“బాపూ, నీకు జీతం వస్తలేదట గద. మరి నువ్వేం తింటున్నవ్?”

అవతల ఊపిరి ఒక్కసారి ఆగి, తెగి, బయటికి వచ్చింది. ఆ మనిషి ఏడవడం అరుణ్ పుట్టాక వనజ వినలేదు. ఆమె కొడుకుకు దగ్గరగా జరిగి కూర్చుంది.

“నాలుగు నెలలాయె బిడ్డా” అన్నాడు కుమార్, చాలాసేపటికి. “పొద్దుగాల రొట్టె తింటున్న. రాత్రికి రూంల అందరం కలిసి అన్నం వండుకుంటం. నీకు చెప్పొద్దనుకున్న…”

“చెప్పు బాపూ” అన్నాడు అరుణ్. “మేమిద్దరం ఇంటున్నం.”